అక్క అడిగిన ప్రశ్నలు

ఆసుపత్రి, మందుల విభాగం
సోమవారం, భోజనాల వేళ

తమ్ముడూ,

ఫోన్ ఎత్తడం లేదని అలిగి ఉంటావు. కావాలనే ఎత్తడం లేదు. నువ్వు ఫోన్ చేస్తే నేను నీ మాట వినను, నీ నాలుక వింటాను. "అక్కా" అన్నప్పుడు మాట ముద్దగా వచ్చిందా, నవ్వు ఒకటి ఎక్కువైందా, ఇదే నా ధ్యాస. పదేళ్ళుగా నువ్వు దాచడం, నేను వాసన పట్టడం. నాకే విసుగొచ్చింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చావు, ఇరవై రోజులుగా ముట్టలేదన్నావు. నమ్మాలని ఉంది. అందుకే ఉత్తరాలు రాయి. కాగితం మీద నీ నాలుక వినపడదు.

నేను బాగానే ఉన్నాను. మీ బావ కొత్త రోడ్డు సర్వేకి వెళ్ళారు. నెలకో వారం ఇంట్లో కనిపిస్తే గొప్ప.

దర్జీ షాపు పైన ఏదో గదికి వెళ్తున్నానన్నావే, దాని సంగతి వివరంగా రాయి. ముప్పై ఏళ్ళుగా కిటికీలోంచి మందులిస్తున్నాను కానీ, అవి తీసుకెళ్ళిన మనిషి ఆ తర్వాత ఎలా బతుకుతాడో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గది నీకెలా దొరికింది? తలుపు వేస్తారా? మొదట ఎవరు మాట్లాడతారు? మాట్లాడకుండా ఊరికే కూర్చుంటే ఊరుకుంటారా?

అక్క


లిఫ్టు వర్క్‌షాప్, వెనక గది
శనివారం

అక్కా,

నువ్వు ఇన్ని ప్రశ్నలు నా చిన్నప్పుడు లెక్కల పరీక్షలో కూడా అడగలేదు. ఒక్కొక్కటిగా చెప్తాను.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ ఒక చీటీ మీద తాగుడు మానేవాళ్ళు కలుసుకునే మూడు చోట్ల చిరునామాలు రాసిచ్చింది. మొదటి చోటికి వెళ్తే సైకిళ్ళ షాపు. వాళ్ళు ఖాళీ చేసి రెండేళ్ళయిందట. సైకిల్ కొంటావా అని అడిగాడు షాపువాడు. రెండోది పెద్ద హాలు. ఒకాయన వేదిక ఎక్కి కాలేయం బొమ్మ చూపిస్తూ గంటన్నర ఉపన్యాసమిచ్చాడు. బయటికొచ్చేసరికి వెళ్ళకముందు లేని దాహం పట్టుకుంది నాకు. ఆ కోపంతోనే మూడో చోటికి వెళ్ళాను, ఇది కూడా ఇలాగే ఉంటే ఇక వెతకక్కర్లేదు, నా తప్పేం లేదని చెప్పుకోవచ్చని.

కింద దర్జీ మిషన్ మీద ఉన్నాడు. నా మొహం చూడకుండానే "పైకి, ఎడమ పక్క మెట్లు" అన్నాడు. పైన పన్నెండు కుర్చీలు, ఒకటి కుంటిది. తలుపు వేయరు, ఓరగా పెడతారు. వెళ్ళిపోవాలనుకున్నవాడు తలుపు చప్పుడు కాకుండా వెళ్ళిపోవాలట. మిగతావన్నీ మర్చిపోయినా ఆ సంగతి నాకు గుర్తుండిపోతుంది. మాట్లాడకపోతే ఏమీ అనరు. నేను నాలుగుసార్లు వెళ్ళి ఒక్క ముక్క మాట్లాడలేదు.

మొదట మాట్లాడేది ఒక పెద్దాయన. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని అందరూ బ్రేకు అంటారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతాడు, మనం ముందుకి తూలిపడతాం, అప్పుడు మళ్ళీ మొదలెడతాడు. తాగి పందొమ్మిదేళ్ళయిందట. అయినా "ఇవాళ తాగలేదు" అనే చెప్తాడు. ఎందుకలా అని అడిగితే, "నిన్నటి సంగతి అయిపోయింది, రేపటి సంగతి తెలీదు, మరి ఏ రోజు గురించి చెప్పమంటావు?" అన్నాడు.

ఇప్పటికి ఇరవై ఆరు రోజులు.

తమ్ముడు


ఇంట్లో, వంటగది బల్ల
బుధవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సైకిల్ షాపు దగ్గర నవ్వాను, దాహం దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఇంకొన్ని అడుగుతాను, విసుక్కోకు. మానేశాక ఎన్ని రోజులకి నిద్ర సరిగ్గా పట్టింది? పుస్తకాల్లో ఒకటి రాస్తారు, మనుషులు ఒకటి చెప్తారు. చేతులు వణకడం ఎప్పుడు తగ్గింది? పనిలో ఉండగా వణికితే ఏం చేశావు? ఆ గదిలో ఆడవాళ్ళున్నారా? ఉంటే ఏ వయసు వాళ్ళు? తాగుడు కాకుండా మరొకటి అలవాటైన వాళ్ళు కూడా వస్తారా, లేక వాళ్ళు వేరే చోటు చూసుకోవాలా? ఇంట్లో వాళ్ళకి తెలియకుండా వచ్చేవాళ్ళుంటారా?

ఉద్యోగరీత్యా అడుగుతున్నాను. మా కిటికీ దగ్గరికి రకరకాల వాళ్ళొస్తారు. వాళ్ళకి ఏదైనా చెప్పగలిగితే మంచిదని.

పోయిన వారం వంటగదికి రంగు వేయించాను, ఆ వాసన ఇంకా పోలేదు. మిగతా అంతా మామూలే.

అక్క


లిఫ్టు వర్క్‌షాప్
మంగళవారం

అక్కా,

నిద్ర సంగతి ముందు. మొదటి పది రోజులు కన్ను మూతపడితే ఒట్టు. తర్వాత ముక్కలు ముక్కలుగా పట్టేది. చేతులు రెండో వారానికి నిలబడ్డాయి. అప్పటిదాకా మా సూపర్‌వైజర్ నన్ను పైన మోటారు గదికి పంపకుండా కింద తలుపుల పని మాత్రమే ఇచ్చాడు. ఆయనకి నేనే చెప్పాను. చెప్పేటప్పుడు తల కొట్టేసినట్టయింది. ఆయన ఏమన్నాడో తెలుసా? "నువ్వు చెప్పక ముందు నిన్ను తాడు దగ్గరికి పంపింది నేనే కదా, ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాడు. తిట్టలేదు.

ఆడవాళ్ళు ముగ్గురున్నారు. తాగుడు కానివాళ్ళు కూడా వస్తారు. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది, నీ ఈడే ఉంటుంది. ఆవిడది మాత్రల గొడవ. అంతకంటే ఆవిడ గురించి చెప్పకూడదు. అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావాలి, అదొక్కటే నియమం.

ఇవాళ ఒక అపార్టుమెంటులో లిఫ్టు బాగుచేశాను. జనానికి తాడు తెగి పడిపోతుందని భయం. ఇన్నేళ్ళలో తెగిన తాడు నేను చూడలేదు. మమ్మల్ని ఎప్పుడూ పిలిచేది తలుపు సరిగ్గా పడకే. గాడిలో ఒక గుండీ ఇరుక్కుంటే చాలు, ఎనిమిదంతస్తులూ ఆగిపోతాయి.

నలభై మూడు రోజులు.

తమ్ముడు


మందుల విభాగం
గురువారం

తమ్ముడూ,

నియమం సరే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆ డాక్టరమ్మ మాత్రలు ఒక్కసారిగా ఆపిందా, కొద్దికొద్దిగా తగ్గించిందా? ఎన్నేళ్ళు వాడింది? పనిచేసే చోట ముందు చెప్పిందా, ఇంట్లో ముందు చెప్పిందా? ఆవిడ లైసెన్సు ఉందా, పోయిందా? ఇంతవరకైనా చెప్పు. ఒక మనిషి ఎవరో తెలియకుండా ఆ మనిషికి జరిగింది తెలుసుకోవడంలో తప్పేముంది?

నువ్వు మాత్రం మీ సూపర్‌వైజర్‌కి చెప్పేశావు. నీకేం, మగాడివి, తాగేవాడని అందరికీ తెలుసు, మానేశాడంటే మెచ్చుకుంటారు. అందరి సంగతీ అలా ఉండదు.

ఏదో చిరాకులో రాశాను. కొట్టేయను, ఉండనీ.

అక్క


లిఫ్టు వర్క్‌షాప్, వెనక గది
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి వారం పట్టింది. రెండు సంగతులున్నాయి. మొదటిది నాది.

నలభై మూడు రోజులని రాశాను. అబద్ధం. ముప్పై ఎనిమిదో రోజున తాగాను. ఒక ముసలాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. రెండు గంటలు తలుపు ఇవతల నేల మీద కూర్చుని, లోపలున్న ఆయనతో మాట్లాడుతూ పని చేశాను. భయపడకుండా ఉండాలని ఆయన పెళ్ళి కథంతా చెప్పించాను. బయటికి తీశాక వాళ్ళింట్లో ఒకటే సంబరం. కొడుకు లోపలికి లాక్కెళ్ళి చేతిలో గ్లాసు పెట్టాడు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఇంతమంది మొహాలు వెలిగిపోతుంటే ఇప్పుడా అనిపించింది. అంతే అక్కా. కష్టం వచ్చి తాగలేదు, సంతోషంలో తాగాను. ఆ రోజుతో ఆగలేదు, మూడు రోజులు సాగింది.

నాలుగో రోజు దర్జీ షాపు దాకా వెళ్ళి, మొహం చెల్లక, కింద కత్తిరింపు బల్ల పక్కన నిలబడిపోయాను. దర్జీ మిషన్ ఆపి, "మెట్లు అటువైపే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు" అన్నాడు. పైకెళ్ళి చెప్పాను. బ్రేకు నా చేతికి టీ ఇచ్చి, "అయితే ఇవాళ ఎన్నో రోజు?" అన్నాడు. "మొదటిది" అన్నాను. "మంచిది, కూర్చో" అన్నాడు. నీకు మాత్రం చెప్పలేకపోయాను. నువ్వు నమ్మాలని ఉందని రాశావు కదా, ఆ మాట పాడుచేయబుద్ధి కాలేదు.

ఇక రెండోది. మా పనిలో ప్రతి బిల్డింగులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. వెళ్ళగానే ముందు అది చదువుతాం. జనం రాసే దానిలో లోపం ఎక్కడుందో ఉండదు, రాసేటప్పుడు వాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారో ఉంటుంది. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి అలా చదివాను. తాగుబోతు తమ్ముడి గురించి బెంగపెట్టుకున్న అక్క అడిగేవి వేరే ఉంటాయి. మళ్ళీ తాగుతావా, తిండి తింటున్నావా, కొత్త స్నేహాలు ఎలాంటివి అని. నువ్వు అవేవీ అడగలేదు. నిద్ర ఎప్పుడు పడుతుంది, చేతులు పనిలో వణికితే ఏం చేయాలి, ఆడవాళ్ళున్నారా, ఇంట్లో తెలియకుండా రావచ్చా, లైసెన్సు ఉంటుందా.

అక్కా, ఏమిటది?

తప్పైతే తిట్టు. కానీ రాయి.

తమ్ముడు


ఇంట్లో
సోమవారం

తమ్ముడికి,

నువ్వు తాగినందుకు కోపం లేదు. చెప్పినందుకు సంతోషం. రెండో సంగతి నీ ఊహ. మనుషుల్ని లిఫ్టుల్లాగా విప్పి చూడకు. నా ఒళ్ళు నాకు తెలుసు, నా పని నాకు తెలుసు. మీ బావ వచ్చే వారం వస్తారు, ఇంట్లో పని చాలా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు కుదరవు.

అక్క


లిఫ్టు వర్క్‌షాప్
గురువారం

అక్కా,

సరే. ఇంకేం అడగను. రెండు వారాలకోసారి నేను మాత్రం రాస్తుంటాను, జవాబు ఇవ్వక్కర్లేదు. ఇవాళ పంతొమ్మిదో రోజు, ఈసారి నిజం లెక్క.

మా గది తలుపు ఓరగానే ఉంటుందని రాశాను. వెళ్ళిపోయేవాళ్ళ కోసమని అనుకున్నాను. వచ్చేవాళ్ళ కోసం కూడానట. చప్పుడు కాకుండా లోపలికి రావచ్చు. బ్రేకు నిన్న చెప్పాడు.

తమ్ముడు


ఇంట్లో, వంటగది బల్ల
నెలన్నర తర్వాత, ఆదివారం ఉదయం

ఒరేయ్ తమ్ముడూ,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. ఇప్పుడు కూర్చున్నాను, ఆగకుండా రాస్తాను. ఆగితే చించేస్తాను.

నువ్వు సరిగ్గానే చదివావు. నిద్రమాత్రలు. పదకొండేళ్ళు. షిఫ్టులు మారుతూ ఉండే రోజుల్లో తోటి ఆవిడ ఒకటిచ్చింది. హాయిగా పట్టింది నిద్ర. అంత హాయి నాకు తెలియదు అంతవరకు. ఒకటి రెండైంది, రెండు మూడైంది. వార్డుల నుంచి మిగిలినవి వెనక్కి వస్తాయి, వాటిని పారేయాలి. పారేసినట్టు రాసి సంచిలో వేసుకునేదాన్ని. మీ బావకి తెలియదు. ఆయన ఊళ్ళో ఉన్నప్పుడు విటమిన్ సీసాలో పెట్టుకునేదాన్ని. నీ నోరు వాసన చూసే ఆ పదేళ్ళూ నా సంచిలో ఇవి ఉన్నాయి. నిన్ను తిట్టిన ప్రతిసారీ నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఇది రాయడం మిగతా అంతటికంటే కష్టంగా ఉంది.

నీ ఉత్తరం వచ్చాక కోపమొచ్చింది. వీడెవడు నాకు చెప్పడానికి అని రగిలి రగిలి, పోయిన వారం నాకు నేనే ఒక్కసారిగా ఆపేశాను. అలా ఆపితే మూర్ఛ రావచ్చని కిటికీలోంచి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నాలుగో రోజు చేతులు ఆడుతున్నాయి. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి. ఒక పెద్దావిడ గుండె మందు కోసం వచ్చింది. ఇచ్చాను. ఆవిడ వెళ్ళాక అరలో చూస్తే ఆవిడకి ఇవ్వాల్సిన పెట్టె అక్కడే ఉంది, దాని పక్కనుండే నాలుగింతల మోతాదు పెట్టె లేదు.

పరిగెత్తాను. ఏప్రన్‌తోనే, చెప్పులు కూడా సరిగ్గా లేకుండా, రోడ్డు దాటి బస్ స్టాప్‌కి. ఆవిడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది. సంచి పట్టుకుని లాగాను. దొంగననుకుని కండక్టర్ దిగొచ్చాడు. "మందు మారిపోయింది, తప్పు నాది" అని ఎలాగో చెప్పాను. ఆవిడ పెట్టె తీసిచ్చి, నా మొహంలోకి చూసి, "నీకే ఒంట్లో బాలేనట్టుందమ్మా, కూర్చో" అంది. బస్సు వదిలేసి నా పక్కన కూర్చుంది ఆవిడ. చంపబోయిన మనిషిని నేను, ఆవిడ నా వీపు నిమురుతోంది.

అక్కణ్ణుంచి నేరుగా మా పెద్ద ఫార్మసిస్ట్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. నిలబడే చెప్పాను. కూర్చోమన్నారు గానీ కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయమేసింది.

ఆ పూటే డ్యూటీలోంచి తప్పించారు. విచారణ ఉంటుంది. తాళాలు ఇచ్చేశాను. మీ బావ నిన్న వచ్చారు. ఆయనకింకా చెప్పలేదు. పక్క గదిలో మ్యాపులు పరుచుకుని కూర్చున్నారు. నేనిక్కడ నీకు రాస్తున్నాను. ఏం చేయాలో తెలియడం లేదు. ఇంతకాలం అడిగిన ప్రశ్నలన్నీ మళ్ళీ అడుగుతున్నాను అనుకో.

అక్క


లిఫ్టు వర్క్‌షాప్
మంగళవారం, ఉదయం

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పని మొదలెట్టకుండా ఇది రాసి, మా సూపర్‌వైజర్ మీ ఊరి వైపు వెళ్తుంటే ఆయన చేతికే ఇస్తున్నాను.

మొదటిది, మళ్ళీ ఒక్కసారిగా ఆపకు. ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, నిజం సంఖ్య చెప్పు. నేను ఆసుపత్రిలో చేరినప్పుడు రోజుకి సగం సీసా అని చెప్పాను, వాళ్ళు దానికి సరిపడా మందిచ్చారు, రెండో రోజు మూర్ఛ వచ్చి మంచం మీదినుంచి పడిపోయాను. అప్పుడు నిజం చెప్పాల్సొచ్చింది.

రెండోది, నీ ఉత్తరం రాకముందే, ఎందుకైనా మంచిదని నిన్న పళ్ళ డాక్టరమ్మని అడిగాను, నీ పేరెత్తకుండా. ఒకరికి పనికొస్తుంది, మీ సంగతి కొంత చెప్పనా అని. ఆవిడ చెప్పమంది. కాబట్టి ఇది ఆవిడ అనుమతితో. తొమ్మిదేళ్ళు వాడింది. డాక్టర్ చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించడానికి పదినెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది. ముందు పనిచేసే చోట చెప్పింది, తర్వాత ఇంట్లో. తిరగేసి చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడంటుంది. లైసెన్సు ఏడాది ఆపేశారు, తర్వాత ఇచ్చారు. ఇప్పుడు పళ్ళు పీకుతోంది. మీ ఊళ్ళో ఆడవాళ్ళు కలిసే చోటొకటి ఉందట, బళ్ళో డ్రాయింగు క్లాసు గదిలో, గురువారం నాలుగింటికి. చిరునామా ఈ కాగితం వెనక ఉంది. నేను వాకబు చేశాను, సైకిళ్ళ షాపు కాదు.

మూడోది బావ. నేనేం చెప్పలేను. కానీ నువ్వు నాకు రాసిన కాగితం నీ దగ్గర ఉన్నప్పుడు ఆయన పక్క గదిలో ఉన్నారన్నావు. అంత దూరం నాకు పంపగలిగావు, పక్క గది దగ్గరే కదా.

నన్ను తిట్టినప్పుడు తేలిగ్గా ఉండేదన్నావు. ఉండనీ అక్కా. నాకు నీ తిట్లే కదా ఇల్లు గుర్తుచేసేవి.

వచ్చే శనివారం వస్తాను. ఇవాళ అరవై ఆరో రోజు.

తమ్ముడు


ఇంట్లో
నాలుగు నెలల తర్వాత, ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

మొన్న నువ్వు వచ్చి వెళ్ళి పది రోజులు కూడా కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటనుకోకు. ఇవాళ జరిగింది ఎవరికైనా చెప్పాలి.

ముందు మిగతా సంగతులు. విచారణ ఇంకా తేలలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. ప్రస్తుతానికి మందులు లేని గదిలో పాత కాగితాలు సర్దుతున్నాను. మాత్రలు సగానికి పైగా తగ్గాయి. డాక్టర్ కాగితం మీద గీసిచ్చిన మెట్లలో ఒక మెట్టు దిగడానికి నాకు మూడు వారాలు పట్టింది. అక్కడే నిలబడ్డా పర్వాలేదు, పైకి మాత్రం ఎక్కకండి అన్నాడు.

గురువారాలు వెళ్తున్నాను. బళ్ళో పిల్లల కుర్చీలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అలా కూర్చుంటే ఎవరూ పెద్దమనిషి తరహా చూపించలేరు. మొదటి నాలుగుసార్లు నేను కూడా మాట్లాడలేదు. ఐదోసారి నోరు తెరిచాను. బస్ స్టాప్ పెద్దావిడ గురించి చెప్పాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి, కూరల బండి నడుపుతుంది, "ఆవిడ మీ పక్కన ఎందుకు కూర్చుందంటారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. రోజూ ఆలోచిస్తాను.

మీ బావ సంగతి నువ్వు చూశావు కదా. చెప్పిన రోజు మ్యాపు చుట్టేశారు, విప్పారు, మళ్ళీ చుట్టారు. నువ్వు మొదటిసారి వచ్చి వెళ్ళాక అన్నారు, "కొండలూ వాగులూ అంగుళం తేడా లేకుండా కొలుస్తాను, ఇంట్లో ఏముందో చూసుకోలేదు" అని. మీరు కాదు, నేను కనపడనివ్వలేదన్నాను. దగ్గరి పనులు మాత్రమే తీసుకుంటున్నారు ఇప్పుడు. మొదట్లో నన్ను కనిపెట్టి చూస్తున్నారని కోపం వచ్చేది. ఆ చూపు ఎలా ఉంటుందో నీకు తెలుసు, నాకిప్పుడు తెలిసింది.

ఇవాళ మధ్యాహ్నం భోజనమయ్యాక ఈ బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. కిటికీలోంచి ఎండ వీపు మీద పడుతోంది. మీ బావ హాల్లో రేడియో పెట్టారు, ఎవరో ఏదో పంటల గురించి చెప్తున్నారు. అంతవరకే గుర్తుంది. ఏదో చప్పుడైతే కళ్ళు తెరిచాను. బల్ల మీద తల పెట్టి ఉన్నాను, చెంపకి చిక్కుడు తొక్క అతుక్కుని ఉంది. మీ బావ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు, పెట్టాలా వద్దా తెలియక.

"అయ్యో, నిద్ర లేపానా?" అన్నారు.

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదురా. ఆ మాత్రల నిద్రలోంచి ఎవరూ లేపలేరు కూడా.

"అవును, లేపారు" అన్నాను.

ఆయన క్షమించమన్నారు. నేను నవ్వడం మొదలెట్టాను, ఎంతకీ ఆగలేదు. టీ చల్లారిపోయింది, అయినా తాగాం.

అక్క